వెయ్యి మైళ్ల డ్రాగ్ రేసుకి ట్రక్ తీస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

డాలస్ దగ్గరుండే మన కుర్రాళ్లు ఇద్దరు ఫోన్ చేసి, "అన్నా, ఈసారి డ్రాగ్ వీక్‌కి పికప్ ట్రక్ వేసుకుని వెళ్దామనుకుంటున్నాం, ఏమేం చూసుకోవాలి?" అని అడిగారు. నా పాత సింగిల్ క్యాబ్ సిల్వరాడో పికప్‌తో నేను ఇలాంటి పోటీలకి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మూడో రోజే ఆగిపోయాను. రెండోసారి ఐదు రోజులూ పూర్తి చేశాను. వాళ్లకి ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం పోటీ సంగతి రెండు ముక్కల్లో. హాట్ రాడ్ పత్రిక వాళ్లు 2005లో డ్రాగ్ వీక్ మొదలుపెట్టారు. 2022 నుంచి టామ్ బెయిలీ అనే రేసర్ ఫిబ్రవరి నెలలో ఫ్లోరిడా వైపు సిక్ వీక్ నడుపుతున్నాడు. పద్ధతి రెండింటిదీ దాదాపు ఒకటే. ఐదు రోజులు పోటీ. పగలు డ్రాగ్ స్ట్రిప్ మీద, అంటే తిన్నగా ఉండే రేసు ట్రాక్ మీద, క్వార్టర్ మైలు (సుమారు 402 మీటర్లు) పరుగెత్తించి ఆ రోజు మంచి టైమ్ స్లిప్, అంటే పరుగు సమయం రాసి ఇచ్చే చీటీ, అప్పగించాలి. తర్వాత అదే బండిలో, మామూలు రోడ్ల మీద, మధ్యలో చెప్పిన చోట్ల ఆగి ఫొటోలు తీసుకుంటూ తర్వాతి ఊరి స్ట్రిప్‌కి చేరాలి. వారం మొత్తం మీద వెయ్యి మైళ్లు. వెనకాల సహాయానికి ఇంకో బండి రాకూడదు. సామాన్లు, పానాలు, స్పేర్ పార్టులు అన్నీ మీ బండే మోయాలి. బండిని ట్రైలర్ మీదకి ఎక్కించారంటే మీ పోటీ అయిపోయినట్టే.

ట్రక్‌తో ఇదంతా అయ్యే పనేనా అనే అనుమానం పెట్టుకోకండి. 2014లో లారీ లార్సన్ ఒక షెవర్లే ఎస్-10 పికప్‌తోనే డ్రాగ్ వీక్‌లో 6 సెకన్ల లోపు పరుగు తీశాడు. మనకి అంత వేగం అక్కర్లేదు. 12 సెకన్ల ట్రక్ ఐదు రోజులూ నడిస్తే అదే పెద్ద విషయం.

ఒక్క లెక్క చూడండి. స్ట్రిప్ మీద పూర్తి వేగంతో మీరుండేది రోజుకి నిమిషం కూడా ఉండదు. రోడ్డు మీద మాత్రం ఐదారు గంటలుంటారు. అయినా మనం డబ్బంతా ఆ నిమిషం కోసమే ఖర్చు పెడతాం. నేను చూసినంతలో ఎక్కువ బండ్లు ఆగిపోయింది రోడ్డు మీదే, అదీ సాయంత్రం ఎండలో, ఊరు ఇంకో 30 మైళ్లుందనగా.

నా సంగతీ అంతే. మొదటిసారి రెండో రోజు సాయంత్రం ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ వేడి 240 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. మామూలుగా 200 దగ్గర ఉండాల్సింది. ఆగుదామా అనుకున్నాను. హోటల్ దగ్గర్లోనే ఉంది, చీకటి పడుతోంది, ఇంకో అరగంటే కదా అని లాగించేశాను. పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి తెల్ల టిష్యూ కాగితం మీద తుడిచాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన వాసన. మధ్యాహ్నం స్ట్రిప్ మీద మూడో గేరు పడగానే ఇంజన్ అరిచింది, బండి మాత్రం కదల్లేదు. ఆ అరగంట ఆగి చల్లారనిచ్చి ఉంటే నా వారం వేరేగా ఉండేది.

అందుకే బయల్దేరే ముందు ట్రాన్స్‌మిషన్‌కి విడిగా కూలర్, దానికి ఫ్యాన్, డ్యాష్‌బోర్డు మీద కంటికి కనిపించేలా టెంపరేచర్ మీటర్ పెట్టించుకోండి. ఎంత దగ్గర ఆగాలో ఇంట్లో ఉన్నప్పుడే తేల్చుకుని, ఆ అంకె టేపు మీద రాసి మీటర్ పక్కన అంటించండి. అలసిపోయి ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం మంచిది కాదు. నా ట్రక్‌లో ఇప్పుడు 230 అని రాసి ఉంటుంది. ఆ అంకె కనిపిస్తే పక్కన వచ్చే మొదటి పెట్రోల్ బంకులోకి తిప్పేస్తాను, ఇంకో మాట లేదు.

గేర్ల విషయం కూడా దీనితో ముడిపడిందే. స్ట్రిప్ మీద త్వరగా లేవాలని వెనక ఇరుసులో 4.10 గేర్లు, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ 4.10 చుట్లు తిరిగేవి, వేయించుకుంటారు. 28 అంగుళాల టైరుతో, ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజన్ నెమ్మదిగా తిరిగేలా చేసే పై గేరు) లేకుండా 65 మైళ్ల వేగంలో వెళ్తే ఇంజన్ 3,200 ఆర్పీఎం దగ్గర తిరుగుతూనే ఉంటుంది. ఐదు గంటలు అలా తిరిగితే వేడి, శబ్దం, పెట్రోల్ ఖర్చు అన్నీ పెరుగుతాయి. 0.70 ఓవర్‌డ్రైవ్ ఉన్న ట్రాన్స్‌మిషన్ అయితే అదే వేగానికి 2,240 చాలు. స్ట్రిప్ మీద అర సెకను పోయినా ఓవర్‌డ్రైవ్ వదులుకోవద్దనే చెప్తాను.

టైర్లు, ట్రక్ వెనక భాగం

పికప్ ట్రక్‌కి బరువంతా ముందుంటుంది, వెనక తేలిక. స్ట్రిప్ మీద వెనక చక్రాలు పట్టు దొరక్క తిరుగుతాయి, కమాన్ పట్టీలు మెలితిరిగి ఇరుసు ఎగిరెగిరి పడుతుంది. ఆ దెబ్బకి వెనక ఇరుసుకి శక్తి చేర్చే డ్రైవ్‌షాఫ్ట్ కీళ్లు, అంటే యూ-జాయింట్లు, పోతాయి. ఇరుసు ఎగరకుండా పట్టి ఉంచే ట్రాక్షన్ బార్లు వేయించుకోండి, యూ-జాయింట్లు కొత్తవి వేసి ఒక జత స్పేర్ పెట్టుకోండి. బరువు కోసం వెనక ఇసుక బస్తాలు వేద్దాం అనుకోవద్దు. కదిలే బరువు ఏదైనా ఒప్పుకోరు. బరువు పెట్టాలంటే బోల్టులతో బిగించాల్సిందే. ముగింపు గీత దాటాక గట్టిగా బ్రేకు కొట్టినా ఇదే ఇబ్బంది. ఖాళీ ట్రక్ వెనక చక్రాలు పట్టేసి బండి పక్కకి తిరుగుతుంది. ముందు గ్యాస్ పెడల్ వదిలి, తర్వాత మెల్లగా బ్రేకు వేయండి. ఆగడానికి చోటు చాలానే ఉంటుంది.

స్ట్రిప్ మీద పట్టు కోసం డ్రాగ్ రేడియల్ టైర్లలో గాలి బాగా తగ్గిస్తాం. అదే గాలితో హైవే ఎక్కితే టైరు పక్క గోడలు వేడెక్కి పేలిపోతాయి. అలసటలో, ఎండలో ఈ ఒక్క పని మర్చిపోవడం చాలా తేలిక. నేను గాలి తగ్గించిన ప్రతిసారీ స్టీరింగ్‌కి ఒక ఎర్ర గుడ్డ కడతాను. గాలి మళ్లీ నింపాకే ఆ గుడ్డ విప్పాలి. మొదటి 50 మైళ్ల తర్వాత ఆగి నాలుగు టైర్లనీ చేత్తో తాకి చూడండి, టార్క్ రెంచ్‌తో వీల్ నట్లు ఇంకోసారి బిగించండి. ఈ టైర్లకి గాడులు తక్కువ కాబట్టి వానలో నీళ్ల మీద తేలిపోతాయి. పెద్ద వాన పడితే ఆగిపోవడమే. ఫ్లోరిడాకి వెళ్లేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

సామాన్లు ట్రక్ తొట్టిలో పడతాయి, కార్లవాళ్లలాగా చిన్న ట్రైలర్ కట్టుకునే పని లేదు. కానీ బరువైన డబ్బాలు క్యాబిన్‌కి ఆనించి బెల్టులతో బిగించండి. జాకీ, టూల్‌బాక్స్ వదులుగా ఉంటే బ్రేకు కొట్టినప్పుడు వెనక అద్దం పగలగొట్టుకుని మీ మీదకొస్తాయి. స్ట్రిప్ మీదకి వెళ్లే ముందు తొట్టి మొత్తం ఖాళీ చేసి, సీటు కింద దొర్లే నీళ్ల సీసా కూడా తీసేయండి. ఆ సీసా బ్రేకు పెడల్ కిందకి దొర్లితే ఏమవుతుందో ఆలోచించండి.

తనిఖీ దగ్గర వెనక్కి పంపకుండా

అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాల ప్రకారం 13.99 సెకన్లు, అంతకంటే త్వరగా వెళ్లే బండిలో స్నెల్ (హెల్మెట్లని పరీక్షించే సంస్థ) ముద్ర ఉన్న హెల్మెట్ ఉండాలి. 11.49కి రోల్ బార్ (బండి బోల్తా పడితే తల కాపాడే ఇనుప కమ్మి), 9.99కి గానీ 135 మైళ్ల వేగం దాటితే గానీ రోల్ కేజ్ (మనిషి చుట్టూ ఇనుప పంజరం), పోటీ లైసెన్సు అడుగుతారు. 2008 తర్వాతి మోడళ్లకి కొన్ని సడలింపులున్నాయి. మీ ట్రక్ 11.60 వెళ్తుందనుకుంటే 11.49 నియమాలకే సిద్ధం కండి. చల్లటి సాయంత్రం గాలి తగిలితే బండి అనుకున్నదానికంటే త్వరగానే వెళ్తుంది, అప్పుడు రోల్ బార్ లేకపోతే మర్నాడు నుంచి పరుగెత్తనివ్వరు. బ్యాటరీ వెనక్కి మార్చి ఉంటే బయట నుంచి కరెంటు ఆపే స్విచ్ తప్పనిసరి. లైట్లు, హారన్, ఇండికేటర్లు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ రోడ్డుకి సరిపడా ఉండాలి.

పరుగు మధ్యలో ఆయిల్ కారుతోందని అనుమానం వచ్చినా, కింద నుంచి పెద్ద శబ్దం వచ్చినా వెంటనే గోడ పక్కకి చేర్చి ఆపేయండి. ఎలాగోలా చివరికంటా లాక్కెళ్దామనుకుంటే ట్రాకంతా ఆయిల్ పరిచినవాళ్లవుతారు. వెనక వచ్చేవాళ్ల ప్రాణం మీదకొస్తుంది. మంటలార్పే సిలిండర్ సీట్లో కూర్చుని అందుకోగలిగే చోట బిగించండి.

మనవాళ్లకి మరో మాట. మామూలు కారు ఇన్సూరెన్సులో ట్రాక్ మీద జరిగినవాటికి సాధారణంగా కవర్ ఉండదు. హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఒకసారి చదువుకోండి. రోడ్డు మీద వెళ్తున్నప్పుడు పక్కన ఇంకో పోటీ బండి ఇంజన్ రెచ్చగొట్టినా మీరు కదలొద్దు. రోడ్డు మీద రేసింగ్ నేరం. వీసా మీద ఉన్నవాళ్లకి అరెస్టు రికార్డు స్టాంపింగ్ ఫారంలో జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న అవుతుంది.

మీ ఒంటి సంగతి

ట్రక్ గురించి ఇంత చూసుకుని మనిషిని మర్చిపోతారు. ఏసీ తీసేసిన క్యాబిన్‌లో, సైలెన్సర్ శబ్దంలో ఐదు గంటలు కూర్చుంటే తల దిమ్మెక్కుతుంది. ఎగ్జాస్ట్ ఎక్కడైనా లీకైతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది, దానికి వాసన ఉండదు. ఇళ్లలో పెట్టుకునే చిన్న అలారం ఒకటి డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోండి. తలనొప్పి, వికారం మొదలైతే అది ఎండ దెబ్బే అనుకోకుండా బండి ఆపి బయటికి రండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి, దాహం వేయకముందే తాగుతూ ఉండండి. మా ఆవిడ రెండోసారి చింతపండు పులిహోర కట్టిచ్చింది. లైన్లో గంటలకొద్దీ నిలబడిన మొదటి రోజు అదే కాపాడింది.

పక్క సీట్లో ఇంకొకర్ని తీసుకెళ్లండి, వీలైతే రోడ్డు మీద డ్రైవింగ్ చేయగలిగిన మనిషిని. పరుగు తీసినవాడు రోడ్డు మీద కూడా తానే నడిపితే మూడో రోజుకి రెప్పలు మూతపడతాయి. రాత్రి రిపేర్లు ఎంత దాకా అన్నది కూడా ముందే తేల్చుకోండి. మేం పదకొండు దాటితే పానా కింద పెట్టేస్తాం. మిగిలిన పని పొద్దున్న. ఏదైనా పార్టు దొరక్కపోతే పక్కనున్న పోటీదారుల్ని మొహమాటం లేకుండా అడగండి. నాకు ఒక రాత్రి ఆల్టర్నేటర్ బెల్టు ఇచ్చినాయన మర్నాడు పక్క లైన్లో నాకు పోటీగా నిలబడ్డాడు.

చివరి రోజు టైమ్ స్లిప్ ఇచ్చేశాక అందరికీ ఇల్లు గుర్తొస్తుంది. అప్పటికి ట్రక్ వెయ్యి మైళ్లు నడిచి ఉంటుంది, మీకు ఐదు రోజుల నిద్ర బాకీ ఉంటుంది. ఆ రాత్రికి కూడా హోటల్ గది ముందే బుక్ చేసుకోండి. పొద్దున్నే ఆయిల్, టైర్ల గాలి, వీల్ నట్లు చూసుకుని, టిఫిన్ చేసి బయల్దేరండి.