అడగకముందే అందాలి: బడి పిల్లలకు తిండి, పుస్తకాలు సమకూర్చే పని ఎలా చేయాలి

మొదటి ఏడాది మేము చేసిన పంపిణీ గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నేను పాఠాలు చెప్పే బడిలోనే వేదిక కట్టించాము. 42 మంది పిల్లల పేర్లు మైకులో ఒక్కొక్కటిగా పిలిచి, చేతికి నోటు పుస్తకాల కట్ట ఇచ్చి, ప్రతి ఒక్కరితో ఫొటో దిగాము. పుస్తకాల అట్టల మీద మా బృందం పేరు పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాము. మర్నాడు ఐదో తరగతి పాప ఒకతె ఆ పుస్తకాలన్నిటి అట్టలూ చింపేసుకుని వచ్చింది. ఎందుకమ్మా అని అడిగితే చాలాసేపు తల వంచుకుని నిలబడింది. చివరికి, "ఇవి చూస్తే అందరికీ తెలిసిపోతుంది టీచర్" అంది.

అప్పటికి నేను పిల్లల మధ్య 20 ఏళ్లకు పైగా గడిపాను. అయినా ఆ సంగతి ఆ పాప చెబితే గాని తెలియలేదు. ఆ రోజు నుంచి మా పనికి ఒకే కొలత పెట్టుకున్నాము. సాయం అందుకుంటున్నది ఎవరో పక్కన కూర్చున్న పిల్లకు కూడా తెలియకూడదు. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవారు ఏం చేయాలో, ఏం చేయకూడదో ఆ కొలతతోనే చెబుతాను.

ముందు చూడండి, తర్వాత పోగుచేయండి

చాలామంది విరాళాలతో మొదలుపెడతారు. అది తలకిందులు పద్ధతి. మొదటి రెండు వారాలు ఒక్క రూపాయి కూడా అడగకండి. ప్రధానోపాధ్యాయులను కలిసి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, బడిలో పిల్లలను దగ్గరగా చూసేవారితో మాట్లాడండి. ఉపాధ్యాయులతో పాటు హాజరు రాసేవారిని, తరగతులు ఊడ్చేవారిని, తిండి వడ్డించేవారిని, దెబ్బలకు మందు రాసేవారిని అడగండి. నిజమైన జాబితా వీళ్ల దగ్గరే ఉంటుంది. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో 1990ల్లో ఒక బడి నర్సు దగ్గరికి పిల్లలు కడుపునొప్పి అని, కళ్లు తిరుగుతున్నాయని తరచుగా వచ్చేవారు. విచారిస్తే అది జబ్బు కాదు, ఆకలి. ఆమె సాయం అడిగితే, తిండి పోగుచేసి అవసరమైనవారికి పంచే స్థానిక ఆహార నిధి (ఫుడ్ బ్యాంకు) స్పందించింది. వారాంతానికి సరిపడా తిండి పిల్లల వీపు సంచుల్లో పెట్టి ఇంటికి పంపే పద్ధతి అలా పుట్టింది. ఇప్పుడు అది ఎన్నో చోట్ల నడుస్తోంది.

మీరు గమనించవలసిన గుర్తులు ఇలాంటివే. సోమవారం ఉదయం కడుపునొప్పి అనే పిల్ల. వడ్డించిన దానిలో సగం జేబులో దాచుకునే పిల్లవాడు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉండి ఉంటారు. చిత్రలేఖనం ఉన్న రోజునే బడి మానేసే పిల్ల. అన్నకు లెక్కల పరీక్ష అయ్యేదాకా జామెట్రీ పెట్టె కోసం గుమ్మం దగ్గర నిలబడే తమ్ముడు. పేర్లు రాసుకోకండి, లెక్క మాత్రం రాసుకోండి. ఏ తరగతిలో, ఏ రోజున, ఏ లోటు, ఎన్నిసార్లు అన్నది చాలు. రెండు వారాల తర్వాత ఆ కాగితమే మీ ప్రణాళిక అవుతుంది. మేము బూట్లు పంచాలనుకుని వెళ్లాము. కాగితం చూస్తే మా బడిలో అసలు లోటు సోమవారపు ఉదయం.

బడిలోకి వెళ్లేముందు మరో నియమం రాసి పెట్టుకోండి. మీ బృందంలో ఎవరైనా సరే, తలుపు మూసిన గదిలో ఒక పిల్లతో ఒంటరిగా ఉండకూడదు. పిల్లల ఫోను నంబర్లు తీసుకోకూడదు. దీనికి నొచ్చుకునేవారు ఉంటారు. నొచ్చుకోనివ్వండి; ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

తిండి

బడిలో మధ్యాహ్న భోజనం పెడుతుంటే మీరు మళ్లీ మధ్యాహ్నమే పెట్టకండి. ఖాళీలు వేరే చోట ఉంటాయి. ఉదయం బడి మొదలయ్యేముందు, శనాదివారాలు, పొడవైన సెలవులు. వీటిలో ఒక్కటి ఎంచుకోండి.

ఉదయపు తిండి ఎంచుకుంటే తరగతి మొత్తానికి పెట్టండి. పేదపిల్లలకు మాత్రమే అని గీత గీస్తే, ఆకలి ఉన్నవాళ్లే ముందుగా తప్పుకుంటారు. ఫిన్లాండ్ 1948 నుంచి బడి పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెడుతోంది. అందరూ ఒకే వరుసలో నిలబడే చోట ఎవరు పేద అన్న ప్రశ్న లేవదు. బడి అంతటికీ పెట్టే స్తోమత లేకపోతే ఒక్క తరగతితో మొదలుపెట్టండి, కానీ ఆ తరగతిలో అందరికీ పెట్టండి. మేము రెండో తరగతితో, వారానికి రెండు రోజులతో మొదలుపెట్టాము. ఐదు రోజులు చేస్తామని చెప్పి మూడో వారంలో చేతులెత్తేసే కంటే, సోమ, గురువారాలు ఏడాదంతా తప్పకుండా నడపడం మేలు. తిండి ఉంటుందని నమ్మి ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లకు ఆ రోజు తిండి లేకపోవడం, అసలు మీరు రాకపోవడం కంటే పెద్ద నష్టం.

కడుపు నింపడం వేరు, పోషణ వేరు. విరాళంగా సులువుగా దొరికేవి తీపి బిస్కెట్లు, చక్కెర పానీయాలు. వీటిని మర్యాదగా తిరస్కరించడం నేర్చుకోండి. పళ్లెంలో పప్పుదినుసో గుడ్డో పాలో, ఏదో ఒక మాంసకృత్తుల పదార్థం ఉండాలి. ఒక కూరగాయో పండో ఉండాలి. బడి వయసు పిల్లల్లో ఐరన్ లోపం వల్ల వచ్చే రక్తహీనత ఎక్కువ. పప్పులు, ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే పక్కన విటమిన్ సి ఉన్న పుల్లని పండు ఉండాలి. భోజనంతో పాటు టీ ఇస్తే అదే ఐరన్ సరిగా పట్టదు. చలి రోజుల్లో మా వాళ్లు ఆప్యాయంగా టీ కాచి తెచ్చేవారు. ఈ సంగతి వివరించి ఆపించాను.

శుభ్రత గురించి గట్టిగా చెప్పాలి. ఒక్క పూట వాంతులైతే మీ పని అక్కడితో ఆగిపోతుంది, అంతకంటే ముందు పిల్లలు బాధపడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంకెలు గోడ మీద రాసి పెట్టండి. వండేటప్పుడు పదార్థం లోపలి భాగం 70 డిగ్రీల సెల్సియస్ దాటాలి. వడ్డించేదాకా వేడి పదార్థం 60 డిగ్రీలకు పైన, చల్లగా ఉంచాల్సినది 5 డిగ్రీలకు లోపల ఉండాలి. వండినది గది వేడిమిలో 2 గంటలకు మించి ఉంచకూడదు. చేతితో తాకి చూసి వేడిగానే ఉందనుకోవడం సరిపోదు, ఆహారపు థర్మామీటర్ కొనండి. వంట ఇళ్లలో చేయించి తెప్పించే పద్ధతి మేము ఆరు నెలలకే మానేశాము. ఎవరు ఎన్నింటికి వండారో తెలియడం లేదు. ఇప్పుడు ఒకే వంటగది, ఒకే పుస్తకం. వండిన సమయం, వడ్డించిన సమయం, సంతకం. తినేముందు పిల్లలందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సబ్బు కూడా మీ ఖర్చులోనే వేసుకోండి.

అలర్జీల సంగతి తల్లిదండ్రులను ముందే అడిగి రాయించుకోండి. వేరుశెనగ, పాలు, గుడ్డు, గోధుమ, సోయా, చేపలు, జీడిపప్పు, బాదం లాంటి గింజలు పడని పిల్లలు ఉంటారు. కొందరికి అది ప్రాణం మీదికి వస్తుంది. కుటుంబ ఆచారం వల్ల కొన్ని తినని పిల్లలూ ఉంటారు. వాళ్లకు వేరే పళ్లెం విడిగా ఇవ్వకుండా, వీలైనన్ని రోజులు అందరూ తినగలిగేదే వండండి.

వారాంతపు సంచి సంగతికి వస్తే, మా మొదటి సంచిలో చేసిన పొరపాట్లు అన్నీ ఇన్నీ కావు. ఏడేళ్ల పిల్ల మోయలేనంత బరువు పెట్టాము. తెరిచే పరికరం ఇంట్లో లేని డబ్బాలు పెట్టాము. పొయ్యి ఉందో లేదో తెలియని ఇంటికి వండుకునే పదార్థాలు పంపాము. ఇప్పుడు పిల్ల తన చేతులతో తెరిచి, వండకుండా తినగలిగినవే పెడతాము. గడువు తేదీ ప్రతి పొట్లం మీద చూస్తాము. ఇంట్లో తోబుట్టువులు ఉంటే వాళ్లకూ కలిపి లెక్క వేస్తాము, లేకపోతే ఆ సంచి నలుగురి మధ్య పంచుకుని ఎవరికీ చాలదు. దీనికంటూ వేరే సంచి ఏదీ ఉండదు. శుక్రవారం ఆటల పీరియడ్‌లో, తరగతి ఖాళీగా ఉన్నప్పుడు, ఉపాధ్యాయురాలు ఆ పొట్లాలను పిల్లల సొంత సంచుల్లో సర్దేస్తారు.

తరగతి గది

విద్యాసంవత్సరం మొదట్లో అందరూ పుస్తకాలు పంచుతారు. అసలు కరువు మూడు నాలుగు నెలల తర్వాత వస్తుంది. అప్పటికి పుస్తకాలు నిండిపోతాయి, పెన్సిళ్లు వేలెడు మిగులుతాయి, దాతలు ఎవరూ కనబడరు. అందుకే మీ డబ్బులో పెద్ద భాగం అప్పటికోసం దాచండి.

పెన్సిళ్లు, రబ్బర్లు, స్కేళ్లు పిల్లలకు ఇవ్వకండి, బల్లలకు ఇవ్వండి. ప్రతి బల్ల మీద ఒక డబ్బా ఉంటుంది, కావలసినవారు తీసుకుని రాసుకుని తిరిగి పెట్టేస్తారు. ఇది పెట్టిన నెలలోనే "పెన్సిలు లేదు టీచర్" అన్న మాట ఆ తరగతుల్లో వినబడకుండా పోయింది. నోటు పుస్తకాలు ఉపాధ్యాయుల గదిలో అల్మారాలో ఉంటాయి. పుస్తకం నిండిన పిల్లకు ఉపాధ్యాయురాలే ఇంకొకటి ఇస్తారు, ఎవరి పిల్ల అని చూడకుండా. అట్టల మీద ఏ పేరూ ఉండదు.

కళ్లజోడు గురించి ఎవరూ ఆలోచించరు. నల్లబల్ల మీది అక్షరాలు కనబడని పిల్లకు తనకు కనబడడం లేదని తెలియదు. అందరికీ అలాగే ఉంటుందనుకుంటుంది. ఉపాధ్యాయులు ఆమెను మందమతి అనుకుంటారు. నేనూ అలా అనుకున్న పిల్లలు ఉన్నారు. వాళ్లకు ఈ జన్మలో క్షమాపణ చెప్పుకోలేను. ఏడాదికోసారి అక్షరాల పట్టికను 6 మీటర్ల దూరంలో పెట్టి, ఒక్కో కన్ను మూసి అందరినీ చదివించండి. తడబడిన పిల్లలను కంటి వైద్యుల దగ్గరికి పంపండి. జోడు ఖర్చు భరించండి, విరిగితే రెండోదీ భరించండి.

పెద్ద తరగతుల ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్‌లు మరుగుదొడ్డి లోపలి అరలోనే ఉండాలి. టీచర్‌ను అడిగి తీసుకోవాలంటే సగం మంది అడగరు, ఇంటి దగ్గర ఉండిపోతారు. స్కాట్లాండ్ పార్లమెంటు 2020లో చేసిన చట్టం ప్రకారం బడుల్లో వీటిని ఉచితంగా అందుబాటులో ఉంచాలి. మనం చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. పక్కనే కాగితపు కవర్లు, మూతున్న చెత్తబుట్ట పెట్టండి. ఖాళీ అయినప్పుడు ఎవరు నింపాలో పేరు నిర్ణయించండి, లేకపోతే వారం తిరగకుండా అర ఖాళీ అవుతుంది.

డబ్బు, మనుషులు

సంస్థ పేరుతో బ్యాంకు ఖాతా, రెండు సంతకాలు, ప్రతి చందాకూ రసీదు, సరుకుకు స్టాకు రిజిస్టరు. ఇవి లేకుండా మొదటి రూపాయి కూడా తీసుకోకండి. తిండి మొదలుపెట్టే ముందు మూడు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. వస్తువుల కంటే డబ్బే అడగండి. వస్తువులు అడిగితే మాకు ఒక నెలలో 140 స్కేళ్లు వచ్చాయి, ఒక్క రబ్బరు రాలేదు.

పెద్ద మొత్తం ఇస్తానన్న దాత ఒకాయన పిల్లలతో ఫొటో కావాలన్నారు. కుదరదని చెప్పాను. ఆయన వెళ్లిపోయారు. ఆ ఏడాది ఒక తరగతికి ఉదయపు తిండి ఆలస్యంగా మొదలైంది, అది నాకు ఎంతో కష్టంగా తోచింది. అయినా మళ్లీ అడిగితే మళ్లీ అదే చెబుతాను. దాతలకు లెక్కలు పంపండి, ఎన్ని పూటలు, ఎన్ని పుస్తకాలు, ఎంత మిగిలింది అని. పిల్లల కథలు పంపకండి.

ప్రతి పూటకూ ఇద్దరు మనుషులు, వాళ్లలో ఒకరు రాలేకపోతే వచ్చే మూడో మనిషి. అందరినీ అన్ని రోజులూ రమ్మనకండి. నెలకు రెండు పూటలు ఇచ్చేవారు పది మంది దొరికితే పని నడుస్తుంది.

మీరు చేసే పని ప్రభుత్వం తప్పుకోవడానికి సాకు కాకూడదు. 1969 జనవరిలో అమెరికాలోని ఓక్‌లాండ్‌లో, నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీవారు ఒక చర్చిలో పిల్లలకు ఉదయపు తిండి పెట్టడం మొదలుపెట్టారు. అప్పటికి అక్కడి ప్రభుత్వ అల్పాహార పథకం ఇంకా ప్రయోగ దశలోనే ఉంది, 1975లో గాని శాశ్వతం కాలేదు. ఊరివాళ్లు చేసి చూపించిన దానికి, అధికారుల ముందు పెట్టగల లెక్కలకు బలం ఉంటుంది. మీ రిజిస్టరును ఏడాదికోసారి విద్యాశాఖ అధికారుల దగ్గరికి తీసుకెళ్లండి. ఈ పని మీరు చేపట్టండి అని అడగండి.

పని సరిగ్గా సాగుతోందో లేదో ఎన్ని పంచామన్న అంకెతో తెలియదు. సోమవారపు హాజరు చూడండి. పళ్లేల్లో మిగిలినది చూడండి; రెండు వారాలు వరుసగా ఒకే పదార్థం మిగిలితే దాన్ని మార్చండి. బడిలో ఒక పెట్టె పెట్టి, పేరు రాయకుండా చీటీలు వేయమనండి. మా పెట్టెలో వచ్చిన చీటీల వల్లే మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదని తెలిసింది.

ఎప్పుడైనా ఆపవలసి వస్తే, చెప్పకుండా ఆపకండి. కనీసం రెండు నెలల ముందు బడికి రాసి ఇవ్వండి, నడపగలిగే మరో బృందాన్ని వెతకండి, అల్మారా తాళంచెవి, రిజిస్టరు, అలర్జీల జాబితా వాళ్ల చేతికి అప్పగించండి. చివరి శుక్రవారం సంచి కూడా ఎప్పటిలాగే నిండుగా వెళ్లాలి.