గోబర్ గ్యాస్ నేర్చుకుందాం - 4వ పాఠం: మొదటి లోడు

పోయిన పాఠంలో దీనబంధు మోడల్ (ఇటుకలతో గుండ్రంగా కట్టే గోబర్ గ్యాస్ ప్లాంటు) డోము కట్టి, లోపలి ప్లాస్టరింగు, నీటి పరీక్ష పూర్తి చేశాం. ఇక పేడ నింపడమే మిగిలింది. కట్టేటప్పుడు ఎంతో ఓపిక పట్టినవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి తొందరపడతారు.

ముందు లెక్క చూద్దాం. మనది రోజుకు 2 ఘనమీటర్ల (2000 లీటర్ల) గ్యాస్ ఇచ్చే ప్లాంటు. కిలో పచ్చి పేడకు సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది కాబట్టి రోజుకు 50 కిలోల పేడ, దానికి సమానంగా నీళ్లు కావాలి. మన దక్షిణాది ఎండలకు పేడ లోపల 40 రోజులు ఉంటే చాలు. చలి ఎక్కువుండే ఉత్తరాది ప్రాంతాల్లో 55 రోజులకు లెక్కేసి కడతారు. రోజుకు 100 లీటర్ల చొప్పున 40 రోజులకు 4000 లీటర్లు. మొదటి లోడుకు ఇదంతా ఒకేసారి నింపాలి, అంటే దాదాపు 2 టన్నుల పేడ.

నాలుగైదు గేదెలున్న ఇంట్లో రోజువారీ పేడకు ఇబ్బంది ఉండదు. రెండు టన్నులు మాత్రం ఒక్కరోజులో దొరకవు. రెండు వారాల ముందునుంచే గుంటలో పోగేసి, తడి ఆరిపోకుండా పైన గోనెసంచులు కప్పండి. ఇరుగుపొరుగునూ అడగండి. పిడకలకని ఆరబెట్టింది, పెంటకుప్పలో మాగినది పనికిరావు. దగ్గర్లో నడుస్తున్న ప్లాంటు ఉంటే రెండు డ్రమ్ముల స్లర్రీ (పేడ, నీళ్లు కలిసిన జావ) తెచ్చి కలపండి. మీథేన్ (గోబర్ గ్యాస్‌లో మండే వాయువు) తయారుచేసే సూక్ష్మజీవులు పశువు పొట్టలోంచి పేడతోనే వస్తాయి గానీ, నిదానంగా పెరుగుతాయి. పాత స్లర్రీ వేస్తే ఆ పెరిగే టైము కలిసొస్తుంది.

కలపడం చేత్తోనే చేయండి. కల్లాపి కన్నా చిక్కగా, అలకడానికి కలిపే పేడ కన్నా పల్చగా ఉండాలి. గడ్డి పరకలు తగిలితే తీసేయండి. అవి లోపల పైకి తేలి తెట్టు కడతాయి. ఇన్‌లెట్ తొట్టిలో కలిపాక కాసేపు ఆగితే ఇసుక అడుక్కి దిగుతుంది, దాన్ని లోపలికి వదలకండి. డోములోకి చేరిన ఇసుకను మళ్లీ తీయాలంటే ప్లాంటు మొత్తం ఖాళీ చేయాల్సిందే. కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్లు ఒక్క చెంబు కూడా ఇటు రానివ్వద్దు.

నింపుతున్నంతసేపూ గ్యాస్ వాల్వు తెరిచే ఉంచండి. అవుట్‌లెట్ తొట్టి అడుగు మట్టానికి స్లర్రీ రాగానే ఆపి, వాల్వు కట్టేయండి. గ్యాస్ మండేదాకా కొత్త పేడ వేయకూడదు. పాత స్లర్రీ కలిపితే ఎండాకాలంలో వారం పది రోజులు, లేకపోతే రెండు మూడు వారాలు పట్టొచ్చు.

మొదట వచ్చే గ్యాస్ మండదు. అందులో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, డోములో మిగిలిన గాలి కూడా కలిసి ఉంటుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వ తగిలినా పేలుతుంది. అందుకే మొదటిసారి నిండిన గ్యాస్‌ను ఆరుబయటే వదిలేయండి, చుట్టుపక్కల బీడీ కూడా వెలగకూడదు. డోము దగ్గర, పైపు కొసన అగ్గిపుల్ల గీసి చూడటం మన ఊళ్లలో ఉన్న పాడు అలవాటు. పరీక్షంతా వంటగదిలో గోబర్ గ్యాస్ స్టవ్ మీదే చేయాలి. లీకు అనుమానముంటే సబ్బు నురగ రాయండి. నీలం మంట నిలకడగా వస్తే మర్నాటి నుంచి రోజూ పేడ వేయడం మొదలుపెట్టొచ్చు.

మిగిలిపోయిన అన్నం, కూరలు వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. వేయొచ్చు. పేడ ఒకసారి పశువు పొట్టలో అరిగొచ్చిన సరుకు కాబట్టి, కిలోకు కిలో చూస్తే అన్నమే ఎక్కువ గ్యాస్ ఇస్తుంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో కుళ్లిన కూరగాయలతోనే గ్యాస్ తీసి కరెంటు చేస్తున్నారు. కానీ మొదటి రెండు నెలలు మీరు ఆ జోలికి పోవద్దు. అన్నం త్వరగా పులిసి ఆమ్లమవుతుంది, మీథేన్ జీవులు ఆ వేగాన్ని అందుకోలేవు. పెళ్లి భోజనాల మిగులంతా ఒక్కరోజే కుమ్మరించారనుకోండి, స్లర్రీ పుల్లటి వాసన కొడుతుంది, మంట ఆరిపోతుంది. అలా జరిగితే కొన్నాళ్లు ఏమీ వేయకుండా ఆపి, కాస్త సున్నపు తేట పోసి, తర్వాత పేడతోనే కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టండి.

ఈ వారం అభ్యాసం: మీ కొట్టంలో రోజూ వచ్చే పేడను వారం పాటు తూకం వేసి రాసుకోండి. పశువులు మేతకు బయటికెళ్తే దొరికేది బాగా తగ్గుతుంది, ఆ తేడా కూడా రాయండి. సగటు 50 కిలోలకు తగ్గితే ఏం చేయాలో 5వ పాఠంలో చూద్దాం.