డెబియన్‌లో మెయింటైనర్, డెవలపర్ హోదాకు దరఖాస్తు విధానం: ఎక్కువ మంది ఆగిపోయే మెట్టు

1993లో మొదలైన డెబియన్, లినక్స్ ఆధారిత స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేసే ప్రాజెక్టు. అందులో ఎవరైనా పని చేయవచ్చు, కానీ ఎవరు పడితే వారు నేరుగా ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసుకోవడానికి సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ కట్టలు) ఎక్కించలేరు. ఆ అధికారం రెండు హోదాలకు ఉంటుంది. 2007లో సభ్యుల ఓటింగు ద్వారా ఏర్పడిన డెబియన్ మెయింటైనర్ హోదా గలవారు తమకు అనుమతి ఇచ్చిన ప్యాకేజీలను మాత్రమే ఎక్కించగలరు; డెబియన్ డెవలపర్ హోదా గలవారు ప్రాజెక్టులో పూర్తి సభ్యులు, వారికి ఓటు హక్కు కూడా ఉంటుంది. ప్యాకేజీలు తయారు చేయకుండా అనువాదం, డాక్యుమెంటేషన్, కార్యక్రమాల నిర్వహణ వంటి పనులు చేసేవారిని కూడా పూర్తి సభ్యులుగా చేర్చుకోవాలని 2010లో నిర్ణయించారు. డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులో కనిపించడానికి శ్రమించే అనువాదకులకు ఈ మూడో దారి వర్తిస్తుందన్న సంగతి మన వాళ్లలో చాలామందికి తెలియదు.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఈ దరఖాస్తుకు ఏ దశలోనూ రుసుము లేదు. ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్‌గా నమోదు చేయిస్తామని, సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఇంజనీరింగ్ విద్యార్థుల దగ్గర డబ్బు తీసుకునేవారు ఉన్నారు. అలా చెల్లించిన డబ్బుతో డెబియన్‌లో ఒక్క సంతకం కూడా రాదు. అంతకంటే ప్రమాదకరమైనది, మీ పేరు మీద జీపీజీ కీ (డిజిటల్ సంతకానికి వాడే రహస్య, బహిరంగ కీల జంట) తామే తయారు చేసి ఇస్తామని ముందుకు రావడం. రహస్య కీ ఎవరి కంప్యూటర్‌లో పుడితే వారు మీ పేరుతో సంతకం చేయగలరు కాబట్టి, ఎంత నమ్మకస్తులైనా సరే, ఆ సాయం తీసుకోకూడదు.

దరఖాస్తులో తేలికైన భాగాలు తొందరగానే పూర్తవుతాయి. సల్సా అనే డెబియన్ గిట్ సర్వరులో (కోడ్‌ను, దాని మార్పులను భద్రపరిచే చోటు) ఖాతా తెరిచి, దానితోనే దరఖాస్తుల సైటు ఎన్‌ఎం.డెబియన్.ఆర్గ్‌లో ప్రవేశించి, ఏ హోదా కోరుతున్నారో నమోదు చేయాలి. సామాజిక ఒప్పందాన్ని, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాలను, డెబియన్ యంత్రాల వినియోగ నియమాలను అంగీకరిస్తున్నట్లు ఒక ప్రకటనపై మీ కీతో సంతకం చేసి అక్కడ అతికించాలి. మెయిల్ ప్రోగ్రాము వరసలను విరగ్గొడితే సంతకం చెల్లదు కనుక, టెర్మినల్‌లో సంతకం చేసి అక్కడి నుంచే నకలు తీసుకోవడం మంచిది.

అసలు ఇబ్బంది కీ దగ్గర మొదలవుతుంది. మెయింటైనర్ హోదాకు మీ కీపై కనీసం ఒక డెబియన్ డెవలపర్ సంతకం ఉండాలి, డెవలపర్ హోదాకు కనీసం రెండు ఉండాలి. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు పరిచయకర్త సంతకం అడిగినట్లే, ఈ కీ, ఈ మనిషి ఒకరికొకరు చెందినవారని ఇప్పటికే సభ్యుడైన వ్యక్తి స్వయంగా చూసి చెప్పాలి. సాధారణంగా ఆయన మిమ్మల్ని ముఖాముఖి కలిసి, ప్రభుత్వ గుర్తింపు పత్రంలోని పేరును కీలోని పేరుతో పోల్చి, మీరు కాగితంపై ఇచ్చిన నలభై అక్షరాల ఫింగర్‌ప్రింట్‌ను (వేలిముద్ర కాదు, మీ కీని గుర్తించే సంకేతం) భద్రపరచుకొని, తర్వాత తన యంత్రంలో సంతకం చేస్తారు.

తెలుగువారికి ఇక్కడే పేరు అడ్డం పడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పదో తరగతి మెమోలో ఆ అక్షరం పేరుకు ముందు ఉంటే పాన్ కార్డులో తర్వాత ఉంటుంది, గిట్‌లో మాత్రం స్నేహితులు పిలిచే పొట్టి పేరు ఉంటుంది. కీ తయారు చేసేటప్పుడు చాలామంది ఈ పొట్టి పేరే ఇస్తారు. ఎంతో దూరం ప్రయాణించి సభ్యుణ్ణి కలిసిన తర్వాత, పత్రంలోని పేరు వేరుగా ఉండటంతో సంతకం దొరక్క వెనుదిరిగినవారిని చూశాను. ఇది వారి నిజాయితీపై అనుమానం కాదు. చూడనిదానికి సాక్ష్యం చెప్పకూడదన్న నియమం మాత్రమే.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు, కానీ కలవడానికి ముందే చేసుకోవాలి. చూపించబోయే పత్రంలో ఇంగ్లీషులో పేరు ఎలా ఉందో, అదే వర్ణక్రమంతో కీలో ఒక గుర్తింపు (పేరు, ఈమెయిల్ జత) చేర్చండి. పాత పేరును తీసేయనవసరం లేదు, ఒకే కీకి పలు గుర్తింపులు ఉండవచ్చు. ఇతర దేశాల సభ్యులను కలిసేటప్పుడు వారికి పరిచయమైన పాస్‌పోర్టు చూపడం మేలు. పత్రం చూపిస్తే చాలు, దాని నకలు ఇవ్వాల్సిన పని గానీ ఆధార్ సంఖ్య చెప్పాల్సిన పని గానీ లేదు. కీ విషయానికొస్తే 4096 బిట్ల పొడవున్న ఆర్‌ఎస్‌ఏ రకం కీని నిశ్చింతగా వాడవచ్చు. 1024 బిట్ల పాత కీలను 2015 ప్రారంభంలోనే డెబియన్ తొలగించింది. ఫింగర్‌ప్రింట్ ఉన్న కాగితపు చీటీలను సైనింగ్-పార్టీ అనే ప్యాకేజీలోని పరికరాలతో ముద్రించుకోవచ్చు.

సంతకం దొరికిన తర్వాత కూడా దరఖాస్తు పేజీలో అది కనిపించడం లేదని కంగారుపడేవారు ఉన్నారు. సంతకం చేసిన సభ్యుడు దానిని సాధారణంగా మీ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి, కీలోని ఈమెయిల్ చిరునామాకు పంపుతారు. దానిని విప్పి, మీ కీలో కలుపుకొని, తిరిగి కీ సర్వరుకు (బహిరంగ కీలను అందరికీ అందించే సర్వరు) ఎక్కించే బాధ్యత మీది. కీస్.ఓపెన్‌పీజీపీ.ఆర్గ్ సర్వరు ఇతరులు చేసిన సంతకాలను మామూలుగా పంచిపెట్టదు కాబట్టి అక్కడికి మాత్రమే పంపితే ఫలితం ఉండదు. కీసర్వర్.ఉబుంటు.కామ్‌కు పంపండి.

సభ్యులను ఎక్కడ కలవాలన్నది మరో ప్రశ్న. కీలపై సంతకానికి సిద్ధంగా ఉన్నవారి జాబితా దేశాలవారీగా డెబియన్ వికీలో ఉంది. 2023 సెప్టెంబరులో డెబియన్ వార్షిక సమావేశం కొచ్చిలో జరిగింది. మన దేశంలో జరిగే మినీ డెబ్‌కాన్ఫ్‌లు అనే చిన్న డెబియన్ సమావేశాలు కూడా ఇందుకు మంచి అవకాశాలు. దూరాభారం వల్ల ఎవరినీ కలవలేనివారు నిరాశపడనక్కరలేదు. మీతో కలిసి పనిచేస్తూ, మీ కీతో సంతకమైన పనిని చూస్తూ వచ్చిన సభ్యులు ఆ కీ మీదేనని ధ్రువీకరించే ఏర్పాటు కూడా ఉంది. దాని గురించి ముందుగా దరఖాస్తులను చూసే ఫ్రంట్ డెస్క్ బృందానికి రాయండి, వారు ఓపికగా సమాధానమిస్తారు.

కీ తర్వాత కావలసినది సిఫారసు. మీ పనిని ఎరిగిన డెవలపర్ ఒకరు, మీకు ఈ హోదా ఎందుకు ఇవ్వవచ్చో రాసి తన కీతో సంతకం చేయాలి. పరిచయం లేని సభ్యులకు మెయిళ్లు పంపి సిఫారసు అడగడం వల్ల ప్రయోజనం లేదు. మెంటర్స్.డెబియన్.నెట్‌లో ప్యాకేజీ ఉంచి స్పాన్సర్‌ను (దానిని పరిశీలించి మీ తరఫున ఎక్కించే డెవలపర్‌ను) కోరడం, వచ్చిన తప్పులను దిద్దడం, బగ్ నివేదికలకు జవాబివ్వడం కొంతకాలం సాగితే, చాలాసార్లు ఆ స్పాన్సరే దరఖాస్తు చేయమని చెబుతారు.

డెవలపర్ దరఖాస్తుకు దీనిపైన మరో దశ ఉంటుంది. అప్లికేషన్ మేనేజరు ఒకరు ప్రాజెక్టు సిద్ధాంతాలు, పద్ధతులపైనా, ఆ తర్వాత పని నైపుణ్యంపైనా ప్రశ్నలు పంపుతారు. చివరి నిర్ణయం డెబియన్ ఖాతాల నిర్వాహకులది. జవాబులు మీ మాటల్లోనే ఉండాలి. ఇంగ్లీషు సాఫీగా లేకపోయినా ఫర్వాలేదు, ఇతరుల జవాబులను ఎత్తి రాస్తే మాత్రం నమ్మకం పోతుంది. ఈ దశ నెమ్మదిగా సాగడానికి కారణం ఉంది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యూటిల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండేళ్లకు పైగా మంచి పని చేసి నిర్వాహకుడి స్థానం సంపాదించిన ఒక మారుపేరు వ్యక్తి అందులో దొంగదారి (రహస్యంగా చొరబడటానికి వీలిచ్చే కోడ్) పెట్టినట్లు 2024 మార్చిలో బయటపడింది. ఆ కలుషిత వెర్షన్లు డెబియన్‌లో ఇంకా పరీక్షలో ఉండే టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖల దాకా వచ్చాయి, సాధారణ వాడకానికి విడుదలయ్యే స్టేబుల్‌లోకి చేరకముందే దొరికిపోయాయి. కనుక ఆలస్యాన్ని తిరస్కారంగా భావించవద్దు; చాలాకాలం కదలిక లేకపోతే మర్యాదగా గుర్తుచేయడం తప్పు కాదు.

మెయింటైనర్ హోదా వచ్చిన రోజే ప్యాకేజీ ఎక్కించబోతే అది తిరస్కరణకు గురవుతుంది, ఎందుకంటే ఒక్కో ప్యాకేజీకి ఒక డెవలపర్ విడిగా అనుమతి ఇవ్వాలి. మీ స్పాన్సర్‌ను అడిగితే అది చిన్న పనే. రహస్య కీకి నకలు, రద్దు పత్రం (కీ ఇక చెల్లదని ప్రకటించే ఫైలు) రెండూ ఇంటర్నెట్‌కు దూరంగా దాచుకోండి. కీ పోతే సంతకాల సేకరణ మళ్లీ మొదటి నుంచి చేయాలి. కీ గడువు పొడిగించినప్పుడల్లా దానిని కీరింగ్.డెబియన్.ఆర్గ్‌కు పంపాలి. అక్కడి కీల సంపుటిని సుమారు నెలకొకసారే నవీకరిస్తారు కాబట్టి, గడువు ముగియడానికి రెండు నెలల ముందే ఈ పని పూర్తి చేయండి.