ఆర్డర్లు పెరిగాక గ్రేడులు తారుమారు: మాకు కుదిరిన దారి

పలాసలో మా జీడిపప్పు స్టార్టప్‌కి ఆర్డర్లు పెరిగేసరికి, డబ్ల్యూ 240 గ్రేడు (పెద్ద పప్పు) అడిగినవాళ్లకి డబ్ల్యూ 320 (అంతకంటే చిన్న పప్పు) వెళ్లిపోయేది. వాట్సాప్ గ్రూపు, ఎక్సెల్ షీటు, అదనంగా ఇద్దరు మనుషులు, ఏదీ ఈ తప్పుని ఆపలేదు.

కుదిరింది ఇది. ముందు ఒకరోజు ప్యాకింగ్ ఆపేసి సరుకంతా గ్రేడువారీగా తూచాం. తర్వాత గ్రేడుకో రంగు అనుకుని, ప్రతి డబ్బాకి తేదీ వేసిన రంగు చీటీ అంటించాం. ఆర్డరు స్లిప్పు కూడా అదే రంగు కాగితం మీద. ప్యాక్ చేసినవాళ్లు కాకుండా వేరొకరు రెండు రంగులూ కలిశాయని చూశాకే సీలు వేయాలి. అసలు కిటుకు ఇక్కడే: పౌండు బరువుకి 240 పప్పులు తూగేదా, 320 తూగేదా అన్నది పండగ రద్దీలో కంటికి ఆనదు, రంగు ఆనుతుంది. పాత తేదీ డబ్బా ముందుకి జరపమన్నది మా పిన్ని.

రెండు నెలలుగా తప్పు పార్సిల్ పోలేదు. మావి నాలుగు గ్రేడులే. పదిహేను రకాలు అమ్మేవాళ్లకి రంగులు చాలకపోవచ్చు.