జపాన్‌లో సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు ఎంచుకోవడం ఎలా?

జపాన్‌లో ఉద్యోగానికి వచ్చిన మనవాళ్లలో కార్ల పిచ్చి ఉన్నవారికి ఇక్కడి వీధులే ఒక ప్రదర్శనశాల. ఇంటి దగ్గర ఫొటోల్లో చూసి మురిసిపోయిన మాజ్దా రోడ్‌స్టర్, టొయోటా 86, హోండా ఎస్2000 ఇక్కడ కూరగాయల కొట్టు ముందు ఆగి ఉంటాయి. పైగా స్టీరింగ్ కుడివైపే, నడిపేదీ ఎడమవైపే. ఇక కొనేయడమే తరువాయి అనిపిస్తుంది. నా సలహా అడిగితే మాత్రం కారును చివరికి పెట్టుకోండి. ముందు చోటు, తర్వాత ఏడాది ఖర్చు, ఆ తర్వాత కాగితాలు, అన్నీ కుదిరాకే కారు.

ముందు లైసెన్సు, పార్కింగ్

ఇండియా లైసెన్సును జపాన్ లైసెన్సుగా మార్చుకునేటప్పుడు డ్రైవింగ్ పరీక్ష ఆటోమేటిక్ కారులో ఇస్తే, ఆటోమేటిక్‌కే పరిమితమైన లైసెన్సు చేతికి వస్తుంది. మంచి స్పోర్ట్స్ కార్లలో సగం సరదా గేరు మార్చడంలోనే ఉంది కాబట్టి కష్టమైనా మాన్యువల్ కారులోనే పరీక్షకు వెళ్లండి. 2025 అక్టోబరు నుంచి రాత పరీక్ష కూడా కఠినమైంది. 50 ప్రశ్నల్లో 45 సరిగా రాయాలి.

పార్కింగ్ చోటు చూపించనిదే మామూలు కారు (660 సీసీ చిన్న కారు కానిది) మీ పేరున రిజిస్టర్ కాదు. ఆ చోటు ఇంటికి 2 కిలోమీటర్ల లోపు ఉండాలి. స్థల యజమాని సమ్మతి పత్రంతో పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు చేస్తే షాకో షోమేషో అనే ధ్రువపత్రం ఇస్తారు. అపార్ట్‌మెంట్‌లో యాంత్రిక పార్కింగ్, అంటే కారును ఇనుప పళ్లెం మీద ఎక్కించి యంత్రంతో జరిపే రకం ఉంటే కొలతల బోర్డు ఫొటో తీసి పెట్టుకోండి. చాలాచోట్ల వెడల్పు పరిమితి 1,850 మిల్లీమీటర్లు ఉంటుంది. నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ (జెడ్34 మోడల్) వెడల్పు 1,845. కాగితం మీద సరిపోతుంది కానీ, రోజూ ఆ ఇనుప పళ్లెం అంచుల మధ్య చక్రాలు గీసుకోకుండా పెట్టడం ఎంత చిరాకో ఊహించుకోండి. ఎత్తుతో స్పోర్ట్స్ కారుకు పేచీ రాదు. నేలకు ఎంత దగ్గరగా ఉందన్నదే సమస్య. ముందు బంపరు ఆ పళ్లెం అంచుకు తగులుతుంది.

ఏడాదికి ఎంత ఖర్చవుతుంది?

కొత్త కారుకు మొదట మూడేళ్లకు, ఆపైన ప్రతి రెండేళ్లకు షాకెన్ అనే తప్పనిసరి తనిఖీ ఉంటుంది. తప్పనిసరి బీమా, బరువు పన్ను అప్పుడే కట్టాలి. ఇవి కాక ఏటా ఏప్రిల్ 1న కారు ఎవరి పేరున ఉంటే వారికి వాహన పన్ను నోటీసు వస్తుంది. ఇది ఇంజిన్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. 2019 అక్టోబరుకు ముందు రిజిస్టరైన రెండు లీటర్ల కారుకు 39,500 యెన్లు, ఆ తర్వాతి దానికి 36,000. పెట్రోలు కారుకు పదమూడేళ్లు దాటితే దాదాపు 15 శాతం అదనం, బరువు పన్నూ పెరుగుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, కారు పాతబడేకొద్దీ ఖర్చు పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇంత ఖర్చు వద్దనుకుంటే 660 సీసీ కార్లు ఉన్నాయి. హోండా ఎస్660, దైహత్సు కోపెన్, సుజుకి ఆల్టో వర్క్స్ లాంటి వాటిలో 2015 ఏప్రిల్ నుంచి కొత్తగా రిజిస్టరైన వాటికి ఏడాది పన్ను 10,800 యెన్లే. చిన్నవని చిన్నచూపు చూడకండి. కొండదారిలో ఎస్660 ఇచ్చే ఆనందం చాలా పెద్ద కార్లకు చేతకాదు.

స్వచ్ఛంద బీమా ధర కారును ఇష్టపడ్డాక కాదు, ముందే అడగాలి. కొత్తవారు ఆరో గ్రేడు నుంచి మొదలవుతారు, ప్రమాదం లేకుండా ఏళ్లు గడిచేకొద్దీ గ్రేడూ తగ్గింపూ పెరుగుతాయి. వయసు, కారు మోడల్ కోడ్‌ను బట్టి ప్రీమియం మారుతుంది. దొంగతనానికి గురయ్యే మోడళ్లకు సొంత కారు నష్టాన్ని భరించే పాలసీ బాగా ఖరీదవుతుంది.

ఏ కారు?

స్కైలైన్ జీటీ-ఆర్, ఆర్ఎక్స్-7, పాత సుప్రాలను తెరమీద చూసి సంతోషించండి. పాతికేళ్లు దాటిన కార్లను అమెరికా సులువుగా దిగుమతికి అనుమతిస్తుంది కాబట్టి, అక్కడి కొనుగోలుదారులు వీటి ధరలను ఆకాశానికి ఎత్తేశారు. ఆర్ఎక్స్-8 చవగ్గా కనిపిస్తుంది, దానికి కారణం ఉంది. దాని రోటరీ ఇంజిన్‌లో కంప్రెషన్, అంటే లోపలి గాలిని నొక్కిపట్టే శక్తి పడిపోతే బాగుచేసే ఖర్చు కారు ధరను మించవచ్చు. ప్రత్యేక పరికరంతో కొలిచిన కంప్రెషన్ అంకెలు చూపించకపోతే అటు వెళ్లకండి.

మొదటిసారి కొనేవారికి నేను చెప్పేవి మూడే. 2015 తర్వాతి ఎన్‌డీ రోడ్‌స్టర్, 2012 నుంచి వచ్చిన 86 లేదా దాని కవల సుబారు బీఆర్‌జెడ్, వెనక సీట్లు నిజంగా అవసరమైతే జెడ్‌సీ33ఎస్ స్విఫ్ట్ స్పోర్ట్. ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు కారును వెంట తీసుకెళ్లే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. మూడేళ్లు దాటిన వాడిన కార్ల దిగుమతికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. అంటే మళ్లీ ఇక్కడే అమ్ముకోవాలి, కాబట్టి మార్పులు చేయని మాన్యువల్ కారు కొనడం లాభం.

ప్రకటన చదవడం

గూనెట్, కార్‌సెన్సర్ సైట్లలో వెతికేటప్పుడు కారు విడి ధర కాక, మొత్తం చెల్లింపు ధర చూడండి. 2023 అక్టోబరు నుంచి దుకాణాలు దాన్ని చూపించి తీరాలి. సంవత్సరం జపాన్ శకాల్లో రాసి ఉంటే, హేసే శకం సంవత్సరానికి 1988, రేవాకు 2018 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది.

అసలు చూడాల్సిన మాట షూఫుకురెకి, అంటే మరమ్మతు చరిత్ర. 'లేదు' అని రాసి ఉంటే ప్రమాదమే జరగలేదని చాలామంది అనుకుంటారు. అలా కాదు. కారు అస్థిపంజరం లాంటి భాగాలు, అంటే పిల్లర్లు, ఫ్లోర్, ఫ్రేమ్ వంటివి దెబ్బతిని బాగుచేస్తేనే ఆ ముద్ర పడుతుంది. బోల్టులతో బిగించే ఫెండరు, తలుపు, బానెట్ మార్చినా అది 'లేదు' కిందే లెక్క.

ఆ కారు వేలం నుంచి వచ్చిందా అని అడిగి, వచ్చి ఉంటే వేలం తనిఖీ పత్రం చూపించమనండి. 4 లేదా 4.5 గ్రేడు మామూలుగా మంచిదే. గ్రేడు చోట 'ఆర్' ఉంటే ఫ్రేమ్ మరమ్మతు జరిగినట్టు. పక్కనున్న కారు బొమ్మ మీద 'ఏ' అక్షరం గీతను, 'యూ' సొట్టను, 'డబ్ల్యూ' రేకును సరిచేసి రంగు వేసిన చోటును, 'ఎస్' తుప్పును సూచిస్తాయి. ఎస్ అక్షరం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి.

కారు దగ్గర

ఇంజిన్ చల్లగా ఉండాలని, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే ఫోనులో చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద అరచేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి. వేడి ఇంజిన్ చాలా తప్పులు దాస్తుంది.

తర్వాత బట్టల సంగతి మర్చిపోయి కింద పడుకోండి. హొక్కైదో, తొహోకు, జపాన్ సముద్రం వైపు తీరాల్లో చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద లవణాలు చల్లుతారు. అక్కడ తిరిగిన కారు పైన తళతళలాడినా అడుగున ఎర్రబడుతుంది. పాత రోడ్‌స్టర్‌లలో తలుపు కింద ఉండే సిల్ రేకు వెనక చివర, వెనక చక్రానికి ముందుభాగంలో, ఫోను లైటు వేసి వేలితో తట్టండి. గుడ్డ పైకప్పు నీళ్లు పోయే గొట్టం మూసుకుపోతే ఆ నీరు అక్కడే నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు ఉబ్బి బుడగలు కనిపిస్తే లోపల అప్పటికే చిల్లు పడినట్టే అనుకోండి.

ఫెండరు బోల్టుల తలల మీద రంగు చెదిరిందేమో చూడండి. డిక్కీ చాప కింద వెల్డింగ్ గీత రెండువైపులా ఒకేలా ఉండాలి. సీటు వెనక నేలలో వాడని బోల్టు రంధ్రాలు ఉంటే రోల్‌బార్ (కారు బోల్తాపడితే కాపాడే ఇనుప కమ్మి) పెట్టి రేస్ ట్రాక్ మీద పరిగెత్తించి ఉండవచ్చు. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. రెండో గేరు వేసేటప్పుడు గరగరమంటే సింక్రో, అంటే గేరు సాఫీగా పడేలా చేసే భాగం అరిగినట్టే.

సైలెన్సరు, సస్పెన్షన్ మార్చి ఉంటే అసలు విడిభాగాలు ఉన్నాయా అని అడగండి. నేలకు 9 సెంటీమీటర్ల ఎత్తు లేకపోయినా, శబ్దం పరిమితి దాటినా షాకెన్ దాటడం కష్టం.

టెస్ట్ డ్రైవ్ చాలా దుకాణాల్లో దొరకదు, ముఖ్యంగా షాకెన్ గడువు తీరిపోయిన కారుకు. అప్పుడు వారి ఆవరణలోనైనా ముందుకూ వెనక్కూ నడిపించమనండి.

కాగితాలు

డ్యాష్‌బోర్డు పెట్టెలో కిరోకుబో అనే సర్వీసు పుస్తకం ఉండాలి. షాకెన్ పత్రాలలో చివరి రెండు తనిఖీల నాటి మీటరు రీడింగులు ఉంటాయి. వాటినీ, పుస్తకంలోని అంకెలనూ, డ్యాష్‌బోర్డునూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ ఐదు నిమిషాల పని చేయకుండా రంగు చూసి సంతకం పెట్టేవారే ఎక్కువ. టైమింగ్ బెల్టు ఉన్న పాత ఇంజిన్ అయితే లక్ష కిలోమీటర్ల దగ్గర దాన్ని మార్చినట్టు రాసి ఉండాలి.

రిజిస్ట్రేషన్‌కు మామూలు కారు అయితే వార్డు ఆఫీసులో నమోదు చేసిన మీ పేరు ముద్ర (హాంకో), మూడు నెలల లోపు తీసుకున్న దాని ధ్రువపత్రం కావాలి. 660 సీసీకి నివాస ధ్రువపత్రం చాలు. కారు కొనుగోలుకు కూలింగ్ ఆఫ్ వర్తించదు. సంతకం పెట్టాక ఇష్టం లేదని వెనక్కి తగ్గలేరు. ఒప్పందంలో 'గెంజోవతాషి' అని ఉంటే ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నారని, తర్వాత చెడితే మరమ్మతు మీదేనని అర్థం.

సంతకానికి ముందు ఛాసిస్ నంబరుతో రీకాల్ పనులు పూర్తయ్యాయేమో కంపెనీ డీలరును అడగండి. తొలినాటి 86, బీఆర్‌జెడ్‌లకు 2018లో వాల్వ్ స్ప్రింగ్ రీకాల్ వచ్చింది. దానికి ఇంజిన్ విప్పాల్సి వచ్చింది కాబట్టి ఆ పని ఎక్కడ, ఎప్పుడు చేయించారో కూడా కనుక్కోండి. బీమాను కారు చేతికి వచ్చే రోజు నుంచే అమలయ్యేలా పెట్టించండి. మర్నాటి నుంచి అయితే దుకాణం నుంచి ఇంటిదాకా తోలుకొచ్చే దారికే బీమా ఉండదు.