సెటిల్‌మెంట్ చెక్కు వస్తే మెడికెయిడ్ పోకుండా ఎలా చూసుకోవాలి?

అమెరికాలో యాక్సిడెంట్ కేసు గెలిచి డబ్బు వచ్చిన ఇంట్లో ఎస్‌ఎస్‌ఐ (వైకల్యం ఉన్నవారికి, వృద్ధులకు ఆదాయం, ఆస్తి తక్కువైతే ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) తీసుకునే బిడ్డ ఉంటే, లాయర్‌ని ముందు అడగాల్సింది ‘ఎంత?’ అని కాదు, ‘ఎవరి పేరు మీద?’ అని. ఎస్‌ఎస్‌ఐలో ఒక్కరికి లెక్కలోకొచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు, దంపతులకైతే 3,000. ఈ హద్దు 1989 నుంచీ అక్కడే ఉంది. చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారి ప్రభుత్వ ఆరోగ్య బీమా, దానితోనే ముడిపడి ఉంటుంది.

ముందుగా, మీకు వస్తున్నది ఏ పథకమో తేల్చుకోండి. పని చేసి కట్టిన పన్నుల మీద వచ్చే వైకల్య భృతి ఎస్‌ఎస్‌డీఐకి, వృద్ధులకు, ఆ భృతి తీసుకునేవారికి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌కి ఆస్తి లెక్క లేదు. పనిలో దెబ్బ తగిలి వచ్చిన పరిహారమైతే మాత్రం ఎస్‌ఎస్‌డీఐ తగ్గొచ్చు. పేర్లు ఒకేలా ఉంటాయి కాబట్టి ప్రభుత్వం పంపిన ఉత్తరం తీసి చదవండి.

తర్వాత అప్పులు. ఆ గాయానికి మెడికెయిడ్ పెట్టిన ఖర్చు సెటిల్‌మెంట్ నుంచి తిరిగి అడుగుతుంది. వైద్యానికని కేటాయించిన భాగం నుంచే తీసుకోవాలి, కానీ అందులో రాబోయే వైద్యం సొమ్ము కూడా వస్తుందని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అందుకే ఏ భాగం దేనికో ఒప్పందంలో రాయించాలి. మెడికేర్ కూడా తన ఖర్చు అడుగుతుంది.

అసలు పని ట్రస్ట్, అంటే ఒకరి కోసం ఇంకొకరు (ట్రస్టీ) చూసుకునే నిధి. వైకల్యం ఉండి 65 ఏళ్లలోపు వారికి ‘స్పెషల్ నీడ్స్ ట్రస్ట్’ పెట్టొచ్చు. అందులో వేసిన సొమ్ము ఆస్తి కింద లెక్కకు రాదు. అయితే ఆ మనిషి పోయాక మిగిలినదాంట్లోంచి ముందు మెడికెయిడ్ బాకీ తీరాలి. ట్రస్టీ లబ్ధిదారు చేతికే నగదు ఇస్తే ఎస్‌ఎస్‌ఐ అంతమేర తగ్గుతుంది, కాబట్టి వీల్‌చైర్, ఫోన్ బిల్లులాంటివి నేరుగా కొట్టుకే కట్టాలి. చిన్న మొత్తమైతే ఏబుల్ ఖాతా (వైకల్యం ఉన్నవారి ప్రత్యేక పొదుపు ఖాతా) చాలు: లక్ష డాలర్ల వరకు ఎస్‌ఎస్‌ఐ పట్టించుకోదు. 46 ఏళ్లలోపు వైకల్యం మొదలైనవారికి 2026 నుంచి ఇది తెరుచుకుంది.

మనవాళ్లకి వెంటనే తోచే ఉపాయం ఒకటుంది: ‘తమ్ముడి పేరు మీద వేసేద్దాం’. వద్దు. ఊరికే ఇచ్చేసిన డబ్బుకి 36 నెలల దాకా ఎస్‌ఎస్‌ఐ ఆపేయొచ్చు. ఇల్లు, ఒక కారు కొనుక్కోవచ్చు, అవి లెక్కకు రావు.

ఇవన్నీ చెక్కు ఖాతాలో పడకముందే సిద్ధం కావాలి. వచ్చిన నెల అది ఆదాయం, మరుసటి నెల ఒకటో తారీఖుకి మిగిలింది ఆస్తి. ఆ మరుసటి నెల 10లోపు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి చెప్పి, చెప్పినట్టు కాగితం దాచుకోండి.