బోరు కింద రబీ ఉల్లి వేసుకోవడం ఎలా?

మా కర్నూలు జిల్లాలో ఉల్లి ఎక్కువగా ఖరీఫ్‌లోనే వేస్తారు. బోరో కాలువో ఆసరా ఉంటే మాత్రం రబీలో వేసుకోమనే చెబుతాను. తెగుళ్లు తక్కువ, గడ్డ గట్టిగా ఊరుతుంది. మార్కెట్లో ధర పడిపోయినా నాలుగు నెలలు దాచుకోవచ్చు. ఖరీఫ్ గడ్డ అన్నాళ్లు ఆగదు.

ముందు విత్తనం చూసుకోండి. ఏడాది దాటిందంటే మొలక బాగా తగ్గుతుంది. వంద గింజలు తడిగుడ్డలో మూటకట్టండి. పది రోజుల్లో 70 అయినా మొలవకపోతే ఆ విత్తనం వద్దు. రబీకి అగ్రిఫౌండ్ లైట్ రెడ్, ఎన్-2-4-1, భీమా శక్తి లాంటి రకాలు బాగుంటాయి.

ఎకరాకు 3 నుంచి 4 కిలోల విత్తనం, 5 సెంట్ల నారుమడి సరిపోతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో మీటరు వెడల్పున ఎత్తు మళ్లు చేసి పలుచగా పోయండి. ఒత్తుగా పోస్తే నారుకుళ్లు వస్తుంది.

నారు ఆరేడు వారాలకు నాటడానికి వస్తుంది. ఈలోగా పొలానికి బాగా చివికిన పశువుల ఎరువు తోలి మెత్తగా దున్నుకోవాలి. వరుసకూ వరుసకూ 15, మొక్కకూ మొక్కకూ 10 సెంటీమీటర్లు ఉండేలా నాటండి. భాస్వరం, పొటాష్ దుక్కిలోనే వేసేయాలి. యూరియాను నాటిన 30, 45 రోజులకు పైపాటుగా వేసి అంతటితో ఆపండి. రెండు నెలలు దాటాక వేస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది, మెడ లావెక్కుతుంది, ఆ గడ్డ నిల్వలో కుళ్లుతుంది.

ఇక నీళ్లు. ఉల్లి వేరు జానెడు లోతుకు మించి పెద్దగా పోదు. అందుకే మడి నిండా నీళ్లు నిలబెట్టకుండా, 7 నుంచి 10 రోజులకోసారి పలుచగా తడి ఇవ్వాలి. గడ్డ ఊరే రోజుల్లో తడి తప్పకూడదు. ఎండగట్టి ఒక్కసారిగా నీళ్లు పెడితే గడ్డ చీలుతుంది.

ఆకు మీద తెల్లటి చారలు కనబడితే ఆకు మొదలు విప్పి చూడండి, సన్నటి తామర పురుగులు అక్కడే దాక్కుంటాయి. ఉల్లాకు మీద మైనం లాంటి పొర ఉంటుంది, ఏ మందు కొట్టినా జారిపోతుంది. జిగురు మందు కలపడం మరవద్దు.

సగం మొక్కల మెడలు వాలాయంటే పంట తయారైనట్టే. పీకడానికి 10 నుంచి 15 రోజుల ముందే నీళ్లు ఆపేయాలి. ఇక్కడే మనసు ఊరుకోదు. ఒక ఏడాది నేను తూకం పెరుగుతుందన్న ఆశతో ఇంకో తడి పెట్టాను. తూకం వచ్చింది, కానీ నెల తిరక్కుండానే కుప్ప అడుగున కుళ్లు వాసన మొదలైంది. అప్పటి నుంచి చివరి తడి విషయంలో రాజీ పడలేదు.

పీకిన గడ్డల్ని వరుసగా పేర్చి, ఒక వరుస ఆకు పక్క వరుస గడ్డల్ని కప్పేలా నాలుగైదు రోజులు పొలంలోనే ఆరనివ్వండి. నేరుగా ఎండ తగిలితే గడ్డ కమిలిపోతుంది. తర్వాత రెండు సెంటీమీటర్ల మెడ ఉంచి ఆకు కోసి, నీడలో పది రోజులకు పైగా ఆరబెట్టాలి. మెడను రెండు వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా, తడిగా తగిలితే ఆ గడ్డ నిల్వకు పనికిరాదు, ముందుగా అమ్మేయండి.

మిగతావి నేలకు అడుగు ఎత్తున వెదురు తడికెలు పరిచి, గాలి ఆడే కొట్టంలో పోసుకోండి. కుప్ప నాలుగైదు అడుగులు మించకూడదు. పదిహేను రోజులకోసారి కుళ్లినవి, మొలకెత్తినవి ఏరేస్తూ ఉండాలి.